"ఇక్కడ మేము క్షేమము" – ఈ మాటలో సత్యమెంత?



మన వాళ్లు ఈ భివండీకి వచ్చి లూముల దగ్గర నిలబడిన నాటినుండి ఊరికి వ్రాసిన ఉత్తరాలన్నీ ఒక్కచోట పోగుచేయగలిగితే, ఇంచుమించు అన్నిటిలోను ఒకే వాక్యము కనబడుతుంది. దేవుని కృపవలన ఇక్కడ మేమందరము క్షేమము, అక్కడ మీరందరు క్షేమమని తలుస్తాము. చదువుకున్న పెద్దలు దీన్నే "ఉభయకుశలోపరి" అని ఒక్క ముక్కలో తేల్చేవారు. పగారు చేతికందని వారములోను ఇదే వాక్యము. నాడె ఎగిరి తగిలి కన్ను వాచిన వారములోను ఇదే వాక్యము. ఇప్పుడు కార్డు పోయి ఫోను వచ్చింది గాని మాట మారలేదు. "ఎట్లున్నవు బిడ్డా" అని తల్లి అడగకముందే "అంత మంచిగనే ఉన్నదమ్మా" అని మన నోటివెంట వస్తుంది.

అబద్ధ సాక్ష్యము పలుకకూడదని పది ఆజ్ఞలలో నేర్చుకున్నవారము మనము. మరి క్షేమము లేనప్పుడు క్షేమమని వ్రాయడము అబద్ధమా, కాదా? "దీనికింత ఆలోచన ఎందుకు, తల్లి గుండె ఆగిపోకుండా చెప్పిన మాట అది" అని కొందరు అనవచ్చు. కాని ఈ ప్రశ్న చిన్నది కాదని మాకు తోస్తున్నది. యుద్ధానికి వెళ్లే సిపాయిలు ఇంటికి పంపిన కార్డులను గూర్చి చదివినప్పుడు అది మరింత పెద్దదిగా కనబడింది.

మొదటి ప్రపంచ యుద్ధములో బ్రిటిషు సైన్యము తన సైనికుల చేతికి ఒక అచ్చు కార్డు ఇచ్చింది. ఎ. 2042 నంబరు ఫారము అది. ఒకవైపు చిరునామా, రెండవవైపు ముందే అచ్చువేసిన కొన్ని వాక్యాలు. నేను క్షేమముగా ఉన్నాను అన్నది మొదటిది. ఆసుపత్రిలో చేరాను, జబ్బు చేసింది లేక గాయమైంది, కోలుకుంటున్నాను అన్నవి ఆ తరువాతవి. మీ ఉత్తరము అందింది, మీ పార్సెలు అందింది, చాలా కాలముగా మీనుండి ఉత్తరము లేదు, వీలు దొరకగానే వివరముగా వ్రాస్తాను. ఇంతే. సైనికుడు తనకు అక్కరలేని వాక్యాలు కొట్టివేసి, తారీఖు వేసి, సంతకము పెట్టాలి. అంతకంటె ఒక్క మాట ఎక్కువ వ్రాసినా కార్డును నాశనము చేస్తారని పైననే హెచ్చరిక ఉండేది.

ఆ కార్డులో ఏమి ఉన్నదో చూచినవారు, ఏమి లేదో కూడా చూడాలి. గాయమైంది అనడానికి వీలున్నది, కాని దాని పక్కన కోలుకుంటున్నాను అనే వాక్యమే ఉన్నది గాని కోలుకోవడము లేదు అనే వాక్యము లేదు. భయముగా ఉన్నది అనే వాక్యము లేదు. నా పక్కనున్నవాడు నిన్న చనిపోయాడు అనే వాక్యము లేదు. అంటే సైనికుడు నిజము చెప్పదలచినా ఆ కార్డు మీద దానికి చోటు లేదు.

మన తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. మద్రాసు సైన్యములో, బెంగుళూరు కేంద్రముగా ఉన్న మద్రాసు శాపర్లలో తమిళులతో పాటు తెలుగువారు, వారిలో క్రైస్తవులు కూడ, కొలువు చేశారు. 1914 అక్టోబరు 16న బొంబాయి రేవునుండి బయలుదేరిన ఓడలలో ఒక దండు తూర్పు ఆఫ్రికాకు వెళ్లింది. దానిలో మద్రాసు రాజధానిలో చేర్చుకొన్న 63వ పాలంకోట పటాలము ఉన్నది. నవంబరు మొదటివారములో టాంగా అనే రేవుపట్టణము దగ్గర వారిని దించి యుద్ధానికి తోలారు. ఓడలలో ఇరుకున వారాల తరబడి కుదేలైనవారు, ఎదుట ఏమున్నదో తెలియనివారు అక్కడ ఓడిపోయారు. బొంబాయిలో ఓడ ఎక్కేముందు ఆ సిపాయి ఇంటికి ఏమి వ్రాయించగలడు? రెండవ ప్రపంచ యుద్ధములో మనకు పొరుగునే, కల్యాణ్ దగ్గర, పెద్ద మిలిటరీ ట్రాన్సిట్ క్యాంపు ఉండేది. దేశ విభజన తరువాత సింధీ శరణార్థులను అక్కడనే ఉంచారు, 1949లో దానికి ఉల్హాస్‌నగర్ అని పేరుపెట్టారు. మన వాళ్లు ఇప్పుడు రేడీమేడ్ బట్టలు కొనడానికి పోయే చోటు అది. సముద్రము దాటబోయే దండ్లు అటువంటి క్యాంపులలో దిగి, ఓడ కొరకు కనిపెట్టి ఉండేవి. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమునుండి మొదటి యుద్ధానికి 90 మంది, రెండవ యుద్ధానికి 1,110 మంది వెళ్లారని చెబుతారు. ఊరికి మిలిటరీ మాధవరము అనే పేరు నిలిచింది. అన్ని ఇండ్లకు ఎన్ని కార్డులు వచ్చి ఉంటాయో ఊహించుకోండి. నేటికిని సైన్యములో ఉన్న మన పిల్లల చిరునామా 56 ఏ.పీ.ఓ. అనో 99 ఏ.పీ.ఓ. అనో ఉంటుంది గాని ఊరి పేరు ఉండదు. మంచు కొండమీద ఉన్నాడో, పట్నములో ఉన్నాడో, ఆ అంకె చెప్పదు.

మరొక సంగతి. ఆనాటి సిపాయిలలో చాలామందికి వ్రాయను రాదు, ఇంటిలోని వారికి చదువను రాదు. కాబట్టి వ్రాసేవాడు వేరు, మధ్యలో విప్పి చదివే సెన్సారు అధికారి వేరు, ఊళ్లో చదివి వినిపించేవాడు వేరు. మన పల్లెల్లో సంఘ ఉపదేశకుడో, మిషను బడి పంతులో ఆ పని చేసేవాడు. అరుగు మీద పదిమంది మధ్య చదివే ఉత్తరములో మనిషి తన మనసు ఎంత విప్పగలడు? ఉత్తరము మడతపెట్టి ఉన్నా అది రహస్యము కాదు. అందరికి తెలిసిన ఒక మర్యాద వాక్యము అక్కడ ఉపయోగపడింది.

కాబట్టి మొదట ఒక సంగతి ఒప్పుకుందాము. "క్షేమము" అన్న మాట అచ్చముగా వార్త కాదు, అది వందనమువంటిది. చెప్పేవానికి తెలుసు, వినేవానికి తెలుసు. ఎవరు ఎవరిని మోసపుచ్చినట్లు? నిజానికి ఆ కార్డు తల్లికి చెప్పిన సత్యము అచ్చు వాక్యములో లేదు, తారీఖులోను సంతకములోను ఉన్నది. ఫలానా తారీఖున నా కొడుకు చెయ్యి కదిలింది. అంతవరకు బ్రదికి ఉన్నాడు. ఆమెకు అదే కావాలి. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున మన ధామన్కర్ నాకాలోని పటేల్ కాంపౌండులో జిలానీ బిల్డింగు కూలి దాదాపు 40 మంది ప్రాణాలు పోయినప్పుడు, పొద్దెక్కేసరికి ఊళ్లనుండి ఫోన్లు మోగినవి. ఆ ఉదయము మనము "క్షేమమే" అన్నాము. ఖోలీ కిరాయి బాకీ ఉన్నదా, లాక్‌డౌనుతో మూతబడిన కార్ఖానా మళ్లీ తెరిచారా అని వారు అడుగలేదు. బ్రదికి ఉన్నారా అని అడిగారు. ఉన్నామని చెప్పాము. అది పూర్తి సత్యము.

కాని ఇంతటితో ఊరుకుంటే మనల్ని మనమే మభ్యపెట్టుకున్నట్లు. ఎందుకంటే ఇదే మాటను దుష్టులు కూడ వాడుకున్నారు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయిన తరువాత జపానువారు తమ చేతికి చిక్కిన మిత్రరాజ్యాల బందీలకు ఇచ్చిన కార్డుల మీద, నా ఆరోగ్యము బాగున్నది, నేను జీతానికి పని చేస్తున్నాను అనే వాక్యాలు అచ్చువేసి ఉండేవి. అడవిలో రైలుదారి వేస్తూ కలరాతో, ఆకలితో రాలిపోయినవారి కార్డులు కూడ ఇట్టివే. 1944లో హంగేరీ దేశపు యూదులను ఔష్విట్జ్ మరణ శిబిరానికి చేర్చినవారు, వారిలో కొందరిచేత బలవంతముగా కార్డులు వ్రాయించారు. సుఖముగా చేరాము, పని దొరికింది అని. చిరునామాలో "వాల్డ్‌సీ" అని ఒక అందమైన పేరు. ఊరిలో మిగిలినవారు బెదరకుండా తరువాతి రైలెక్కాలని ఆ కార్డులు వెళ్లినవి. వ్రాసినవారిలో ఎందరో కార్డు చేరేసరికే లేరు.

మాట ఒకటే, తల్లికి కొడుకు వ్రాసిందీ అదే, హంతకుడు వ్రాయించిందీ అదే. కాబట్టి వాక్యమును మాత్రమే తూచితే తీర్పు తేలదు. ఆ మాటవలన లాభము ఎవరికి, దాన్ని నమ్మి వినేవాడు ఏమి చేయబోతున్నాడు అని అడుగాలి.

ఈ ప్రశ్న బ్రిటిషువారిని కూడ అడుగవలసిందే. ఫ్రాన్సుకు వెళ్లిన భారత సిపాయిల ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, కొన్నిటి సారాంశము వ్రాసిపెట్టారు. అవి నేటికిని లండనులో ఉన్నవి. వాటిలో కొందరు సిపాయిలు తెలివిగా మిరియాలు, ఎర్ర మిరపకాయలు అని వ్రాశారు. మిరియాలంటే మనవాళ్లు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్లు. మిరియాలు దాదాపు అయిపోయినవి, ఎర్రవి మాత్రము కొద్దిగా వాడుతున్నారు అంటే ఇంటివారికి అర్థమయ్యేది. సెన్సారు వానికి కూడ అర్థమైంది! తమ్ముణ్ణి సైన్యములో చేరనీయవద్దు అని వ్రాసిన ఉత్తరాలను కొన్నిటిని ఆపివేశారు. క్షేమమన్న ఉత్తరాలు మాత్రము నిరాటంకముగా చేరినవి. అన్న క్షేమమన్న మాట విని తమ్ముడు చేరాడు. ఇక్కడ క్షేమమన్న మాట తల్లిని ఓదార్చడముతో ఆగలేదు, ఇంకొక కొడుకును ఆమె ఒడిలోనుండి తీసుకున్నది.

ప్రియులారా, ఇక్కడ మన సంగతికి వద్దాము. పండుగకు ఊరికి పోయినప్పుడు మన వాళ్లు ఎట్లా పోతారో మనకు తెలుసు. కొత్త బట్టలు, చేతికి గడియారము, పిల్లలకు మిఠాయి. బాకీ సంగతి చెప్పరు. పన్నెండు గంటల పాళీ సంగతి, ఒక్క ఖోలీలో పాళీల ప్రకారము వంతులవారీగా పడుకునే సంగతి చెప్పరు. చెవులు మందగించిన సంగతి అడుగక తప్పకపోయినా నవ్వి ఊరుకుంటారు. "భివండీల ఎట్లున్నది బావా?" "మంచిగనే ఉన్నది." ఆ ఒక్క మాట విని బావమరిది వచ్చే నెలలో రైలెక్కుతాడు. సేటు దగ్గర ఎత్తుడు తీసుకుంటాడు. వాని చదువు ఆగిపోయింది. ఎవరు అబద్ధమాడారు? ఎవరూ ఆడలేదు, మర్యాదకు ఒక మాట అన్నారు అంతే. దీనిని మేము పాపమే అంటాము. తల్లితో అన్నప్పుడు పాపము కాని మాట, రైలెక్కబోయేవానితో అన్నప్పుడు పాపమైంది.

రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయములోని షూనేమీయురాలిని చూడండి. పొలములో తల నొప్పి అన్న బిడ్డ మధ్యాహ్నానికి ఆమె ఒడిలోనే చనిపోయాడు. ఆమె శవమును ప్రవక్త మంచము మీద పరుండబెట్టి, తలుపు వేసి, పెనిమిటిని గాడిదను పంపుమని అడిగింది. అమావాస్య కాదు, విశ్రాంతిదినము కాదు, ఎందుకని అతడు అడిగితే, అంతా సుఖమే అన్నట్లు జవాబిచ్చింది. ఎదురు వచ్చిన గేహజీకి కూడ ఆ జవాబే. హెబ్రీ భాషలో ఆ మాట "షాలోము". పలకరింపూ అదే, సమాధానమూ అదే, మన "క్షేమము" వంటిదే. బిడ్డ చనిపోయి ఉండగా తండ్రితోనే ఆ మాట అన్నది! దీనిమీద బోధకులు విశ్వాస ఘనతను గూర్చి చాలా చెబుతారు. అది సరే గాని, మేము మరొక సంగతి చూస్తున్నాము. ఎలీషా దగ్గరకు చేరిన క్షణమే ఆమె అతని పాదాలు పట్టుకుంది, గేహజీ తోసివేయబోయినా వదలలేదు, లోపలిది అంతా కక్కివేసింది. కుమారుడు కావాలని నేను అడిగానా అని దైవజనుని నిలదీసింది. అంటే ఆమె దారిలో ఎదురైన ప్రతివానికి చెప్పలేదు, చెప్పవలసిన వానికి దాచలేదు. తండ్రికి దాచడము న్యాయమా అంటే, మాకు పూర్తిగా సమాధానము లేదు. ఆ సాయంకాలము వరకు మాత్రమే దాచింది గదా అని ఒక వాదము. ఆ బిడ్డ అతనికి కూడ బిడ్డే గదా అని ఇంకొక వాదము. ఈ రెండవదే బలమైనదని మా ఉద్దేశము.

ఇంగ్లీషు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ సైన్యాధికారిగా ఫ్రాన్సుకు పోతూ తన తల్లితో ముందుగానే ఒక ఒడంబడిక చేసుకున్నాడు. అచ్చు కార్డులో నన్ను వెనుకకు పంపుతున్నారు అనే వాక్యమును రెండు గీతలతో కొట్టివేస్తే, నేను యుద్ధపు ముందు వరుసలో ఉన్నానని అర్థము. మిగతావారికి అది క్షేమపు కార్డు, తల్లికి మాత్రము నిజము. ఆమెకు నిద్ర పట్టి ఉండదు. అయినా ఆమె తెలుసుకోగోరింది, అతడు ఆమెను ఆ భారము మోయదగినదిగా ఎంచాడు. మనము మన తల్లులను ఆ పాటి బలము లేనివారిగా ఎంచుతున్నామేమో! ఓవెన్ 1918 నవంబరు 4న చనిపోయాడు. యుద్ధము ముగిసిందని గంటలు మోగుతున్న 11వ తేదీన ఆ తంతి ఇంటికి చేరింది.

మన ఊళ్లనుండి వచ్చే ఉత్తరాలు కూడ తక్కువవి కావు. "తండ్రికి సీరియసు, వెంటనే బయలుదేరుము" అని టెలిగ్రాము వస్తే అర్థమేమిటో ఖోలీలో అందరికి తెలిసేది. దానిని చూపించకుండ తోటివాళ్లు టిక్కెట్టు డబ్బులు పోగుచేసేవారు. చావు కబురు చల్లగా చెప్పాలని ఊరివాళ్ల ఉద్దేశము. ఆ దాపరికము మనిషిని ఇంటికి రప్పించింది, మట్టి వేయడానికి అందించింది. దానిని తప్పుబట్టలేము. కాని తల్లికి మూడు నెలలుగా మంచము పట్టిన సంగతి దాచి, "వాడక్కడ కష్టపడుతున్నాడు, కలత పడతాడు" అని ఊరుకుని, చివరికి చావు కబురే పంపినవారు ఉన్నారు. కొడుకు ఆఖరి మాట వినలేకపోయాడు. అది కూడ ప్రేమతోనే చేశారు.

మన సంఘాలకు దగ్గరగా మరొకటి చెబుతాము. దూది ధూళిలో ఏండ్లు గడిపినవాడు దగ్గుతాడు. క్షయ అని డాక్టరు చెబితే మందు ఉన్నది, ఆరు నెలలు మానకుండ వాడితే సాధారణముగా నయమవుతుంది. కాని ఇంటికి చెప్పడు. ఊరికి పోయి, భార్యా పిల్లలతో ఒకే గదిలో పడుకుంటాడు. అడిగితే "పొడి దగ్గు" అంటాడు. మందు మధ్యలో మానుతాడు, డబ్బా కనబడితే అడుగుతారని. ఇది కార్డు మీది మర్యాద వాక్యము కాదు. భార్యకు, పిల్లలకు తెలియవలసిన హక్కు ఉన్న దానిని వారినుండి దొంగిలించడము. ఎనిమిదవ ఆజ్ఞ, తొమ్మిదవ ఆజ్ఞ ఇక్కడ ఒకే చోట కలుస్తాయి.

"వారికి చెప్పి ఏమి లాభము, వారేమి చేయగలరు?" అని అంటాము. అపొస్తలుడైన పౌలు అట్లా అనుకోలేదు. ఆసియలో తనకు కలిగిన శ్రమ ఎంత భారమైనదో, బ్రదుకుతామనే నమ్మకమే పోయిన సంగతి కొరింథీయులకు దాచకుండ వ్రాశాడు. వారు ప్రార్థనచేత సహాయము చేస్తున్నారు గనుక అని కారణము కూడ చెప్పాడు. వారు కొరింథులో ఉన్నారు, సముద్రము అవతల. చేతితో చేయగలిగినది ఏమీ లేదు. అయినా తెలిసి ఉండడమే వారి పని. మన ఆదివారపు ఆరాధనలో ప్రార్థనాంశములు అడిగినప్పుడు ఎన్ని వస్తాయి? ఊరిలో అందరి క్షేమము కొరకు అని ఒకటి, ప్రయాణము కొరకు అని ఒకటి. అచ్చు కార్డులోని వాక్యాలు కొట్టివేసినట్లే ఉంటుంది. సేటు దగ్గర ఎనభై వేల బాకీ అని, కొడుకు తాగుడు అని, ఎవరు లేచి చెప్పారు? చెబితే వారము తిరిగేసరికి పద్మానగర్ అంతా తెలుస్తుందనే భయము ఉన్నది. ఆ భయము నిరాధారము కాదు, దానికి బాధ్యులు చెప్పనివారు కాదు, వినేవారమైన మనమే. అరుగు మీద చదివే ఉత్తరములో మనసు విప్పనట్లే, అరుగులాంటి సంఘములోను విప్పరు.

ఫిలిప్పీ సంఘమువారి సంగతి ఇంకొక విధమైనది. వారు పంపిన ఎపఫ్రొదితు పౌలు దగ్గర జబ్బుపడి చావుకు దగ్గరైనాడు. తాను జబ్బుపడ్డట్టు ఇంటివారికి తెలిసిందని అతడు దిగులుపడ్డాడు. తన జబ్బుకంటె వారి కలతకే ఎక్కువ బాధపడే ఈ మనిషిని మనము బాగా ఎరుగుదుము, మన ప్రతి ఖోలీలో ఒకడున్నాడు. పౌలు అతని జబ్బు సంగతి వెనుకకు తీసుకోలేదు, తగ్గించి వ్రాయలేదు. చావుకు సిద్ధమైన మాట నిజమే అని వ్రాసి, అతణ్ణే ఇంటికి పంపాడు.

సమూయేలు మొదటి గ్రంథము 17వ అధ్యాయములో యెష్షయి ముసలివాడు. పెద్ద కొడుకులు ముగ్గురు, ఏలీయాబు, అబీనాదాబు, షమ్మా, సౌలు దండులో ఉన్నారు. తండ్రి దావీదుకు వేయించిన గోధుమలు, పది రొట్టెలు ఇచ్చి, సహస్రాధిపతికి పది జున్నుగడ్డలు కూడ కట్టి, అన్నల క్షేమము కనుక్కుని వారియొద్దనుండి ఒక ఆనవాలు తెమ్మని పంపాడు. మాట చాలదనుకున్నాడు, వారి చేతిది ఏదైనా ఒకటి కావాలన్నాడు. ఆ సమయానికి ఆ ముగ్గురు నలువది దినాలనుండి గొల్యాతు కేకలు విని తక్కిన దండుతో పాటు వణుకుతూ ఉన్నారు. వ్రాయమంటే వారూ క్షేమమనే వ్రాసి ఉందురు. దావీదు సామాను కాపరి దగ్గర దించి, అన్నలను పలకరించాడు. ఆ తరువాత ఏమి జరిగిందో మనకందరికి తెలుసు, కాని ఆ ఆనవాలు బేత్లెహేములోని ముసలివానికి చేరిందో లేదో గ్రంథములో వ్రాయబడలేదు.